ఇంటి నేలకు తివాచీయా, చెక్కపలకయా?



ఇల్లు కట్టుకొనువాడు పునాది సంగతి మేస్త్రీని అడుగును. గుమ్మము తూర్పునకా, ఉత్తరమునకా అని సిద్ధాంతిని అడుగును. కప్పు ఎంత మందముండవలెనో ఇంజనీరును అడుగును. నేల సంగతి మాత్రము పనియంతయు ముగిసి, చేతిలోని డబ్బు అడుగంటిన పిమ్మట జ్ఞాపకమునకు వచ్చును. అయినను ఇంటిలో మన శరీరమునకు రాత్రింబవళ్ళు తగులుచుండునది నేలయే. గోడను ఆనుకొనుట ఎప్పుడో ఒకప్పుడు. కప్పును తాకుట లేనేలేదు.

కృష్ణాజిల్లాలో మా ఉంగుటూరు ప్రాంతమునను, దానికి ఉత్తరముగా నూజివీటి మామిడితోటల వైపునను, ఈ నడుమ ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. పిల్లలు అమెరికాలో నుందురు; తల్లిదండ్రులు ఊరిలో నుందురు. పిల్లలు సెలవులకు వచ్చి ఇంటిలోని నాపరాతి బండలను చూచి, "నాన్నగారూ, వీనిని తీసివేసి చెక్కనేల వేయింతము. అది వలదన్నచో గోడనుండి గోడవరకు తివాచీ పరపింతము. చలికాలమున అమ్మ కాళ్ళకు చల్లదనము తగులదు" అందురు. ప్రేమతో అన్న మాటయే. డబ్బును వారే పంపుదురు. పెద్దవారికి కాదనుటకు నోరాడదు, ఔననుటకు మనసొప్పదు. కట్టడపు పనివారితోడను, వడ్రంగులతోడను చాలకాలము మెలగినవాడనగుటచే నన్ను పిలిచి, "ఈ రెంటిలో ఏది మేలు?" అని అడుగుచుందురు.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పెదను. మన పల్లెలలో నేలమట్టపు గదికి ఈ రెండును పనికిరావు. చెక్కకు తగిన చోటు మేడమీద. తివాచీకి తగిన చోటు నేలయే గాని, దానిని ఎత్తి, దులిపి, చుట్టి మూల నిలబెట్టుటకు వీలుండవలెను. జిగురుతో అంటించిన తివాచీయు, కడుగరాని చెక్కయు మన సంసారమునకు ఇమడవు. ఇది పాతకాలపు పట్టుదలచే అనుచున్న మాట కాదు, కారణములు గలవు.

వైశాఖమాసమున మన యింటి నేలను ఒక్కసారి తలచుకొనుడు. తోటనుండి వచ్చిన పచ్చిరసాలు ఒక గదిలో వరిగడ్డిమీద మాగుచుండును. వేరొక గదిలో ఆవకాయ ముక్కలు తుడిచి గుడ్డమీద ఆరబోసియుందురు. ఆవపిండి, కారము, ఉప్పు కలిపిన బేసిన్లు, నువ్వులనూనె డబ్బాలు, కడిగి ఆరబెట్టిన జాడీలు, సమస్తమును నేలమీదనే. నడుమ నొక పిల్లవాడు చిన్నరసమును పిసికి జుఱ్ఱుకొని, టెంకను ఎచ్చట విడుచునో వానికే తెలియదు. సాయంకాలమగుసరికి రెండు బిందెల నీళ్ళు, ఒక కొబ్బరిపుల్లల చీపురు. నేల మరల ఉదయమున నున్నట్లే యుండును. ఇదంతయు తివాచీమీద జరిగినచో? పసుపును, కారపునూనెయు ఉన్నిలో నెక్కినచో వానిని వదలించుట చాకలికిని సాధ్యము కాదు. చెక్కమీద జరిగినచో? నూనె మాట అటుండనిండు. కడిగిన నీళ్ళే దానికి పగ.

ఆవకాయ ఏటికొక పర్యాయము వచ్చును. నీళ్ళు నిత్యమును వచ్చును. గడపకు పసుపు, పండుగకు ముగ్గు, పెండ్లికి నలుగు, బాలెంతకు స్నానము, చివరకు ఇంటిలో మనిషి పోయిననాడు గదులన్నియు కడుగుట, ఇట్లు మన గృహధర్మమంతయు నీటితో ముడిపడియున్నది. అదియుగాక మనకు నేలయే కుర్చీ, నేలయే భోజనపు బల్ల, నడివేసవిలో నేలయే మంచము. చెప్పులు వాకిట విడిచి లోనికి వచ్చెదమన్నచో అందుకే. నడచుటకు మాత్రమే నేలను వాడుకొను దేశముల యాచారమును తెచ్చి, దానిమీద కూర్చుండి తిని పరుండు ఇంటికి తగిలించునపుడు కొంచెము ఆలోచింపవలెను.

ఆ దేశములవారు తెలివితక్కువచే తివాచీలు పరచుకొనలేదు. వారి చలి వేరు. వారి యిండ్లు పెక్కింటిలో నేల యనగా మన్నుమీది గచ్చు కాదు. కర్రదూలములమీద పరచిన పలకలు. వానిక్రింద గాలి యుండును, లేదా క్రింద నింకొక గది యుండును. నేలమీద బిందెలతో నీళ్ళు పోయువారు లేరు. అట్టి యింటిలో తివాచీ వెచ్చదనమునకు పరచిన దుప్పటివంటిది. అదియును మొదట అందరికిని అందునది కాదు. జార్జియా రాష్ట్రమున డాల్టను అను పట్టణము గలదు. అచ్చట 1895లో కాథరిన్ ఎవాన్స్ అను పదునైదేండ్ల బాలిక గుడ్డలో నూలుపోగులు గ్రుచ్చి, వాని కొనలను కత్తిరించి కుచ్చులుగా లేపి, ఒక పడకదుప్పటి చేసెను. ఆ చేతిపనినుండి యంత్రములు పుట్టినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆ యంత్రములే వెడల్పు తివాచీలను చేయ మొదలిడినవి. ముడి వేయు పని లేదు, నేయు పని లేదు. వందల సూదులు ఒక్కసారి పోగులను గ్రుచ్చును, వెనుక జిగురు పూయుదురు. నైలాను పోగు వచ్చుటతో ధర మరింత పడిపోయి, గోడనుండి గోడకు తివాచీ సామాన్యుని యింటికిని వచ్చినది. ఇప్పుడు అచ్చటనే చాలమంది దుమ్ముకు జడిసి దానిని లాగివేసి చెక్క వేయించుకొనుచున్నారు. మన పిల్లలు చూచి వచ్చినది ఈ మార్పునే.

ఇక చెక్క సంగతి. మన పూర్వులకు చెక్కనేల తెలియదనుకొనరాదు. పెంకుటింటి అటక చెక్కనేల గాక మరేమి? మేడగదికి దూలములు వేసి, వానిమీద పలకలు పరచిన యిండ్లు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. ధాన్యపు గాదెను సైతము వారు మన్నుమీద నుంచలేదు, రాళ్ళమీద నిలిపిరి. కర్రను నేలకు తాకనీయరాదనునది వారి యనుభవము. భోజనమునకు కూర్చుండు పీటను చూడుడు. అది జానెడు చెక్కనేల. క్రింద రెండు అడ్డపట్టెలుండుటచే తడి దానికంటదు. పని తీరినతోడనే గోడకు చేర్చెదము. అట్లే జంపఖానా మన తివాచీ. రెంటిని వారెరుగుదురు, రెంటిని ఎత్తుటకు వీలుగా చేసికొనిరి.

ఆ మేడలకు కర్ర రెండు దారుల వచ్చెడిది. ఒకటి గోదావరి మన్యపు టేకు. దుంగలను తెప్పలుగా కట్టి ఏటివాలున రాజమహేంద్రవరమునకు దింపెడివారు. రెండవది సముద్రముమీద రంగూనునుండి వచ్చునది. పచ్చి టేకు నీట మునుగును. అందుచేత బర్మా అడవులలో చెట్టు మొదట చుట్టును బెరడును, పైకట్టెను చెక్కివేసి, నిలువుననే రెండు మూడేండ్లు ఎండనిచ్చి, పిమ్మట నరకి ఏటిలో త్రోయుచుండిరి. ఆ విధముగా ఎండిన కర్ర యగుటచేతనే రంగూను టేకునకు అంత పేరు. కూలికిని వర్తకమునకును రంగూను పోయిన మనవారిని అచ్చటివారు కోరంగీలనెడివారు. కోరంగి రేవునుండి ఓడ యెక్కుటచే వచ్చిన పేరు. 1942 నాటి యుద్ధమున వారిలో పెక్కురు ఇల్లు వాకిలి విడిచి కాలినడకను అడవులు దాటి వచ్చిరి. వారి కథ వేరొకనాడు చెప్పదగినది. 2014 ఏప్రిల్ 1 నుండి బర్మా ప్రభుత్వము దుంగల ఎగుమతిని నిలిపివేసెను. మన దేశమునకు దిగుమతియగు టేకులో ఎక్కువపాలు ఇప్పుడు ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను తోటలు వేసి పెంచినది. కాబట్టి దుకాణములో "బర్మా టేకండీ" అన్నచో, ఎచ్చటిదని ఒకమాట అడుగుడు. ఊరిలో పాత మేడ కూల్చుచున్నారని తెలిసినచో పరుగెత్తి పోవుడు. ఆ దూలములలో నున్న కర్ర నేడు డబ్బిచ్చినను దొరకదు.

కోసి, ఎండబెట్టి, చిత్రికపట్టిన కర్రయు గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు నుండును. నిలువున దాని పొడవు మారదనియే చెప్పవచ్చును. అడ్డముగా మాత్రము పెరుగును, తరుగును. మన ప్రాంతమున రోహిణికార్తె వడగాడ్పు ఒకవైపు, భాద్రపదపు ముసురు ఒకవైపు. మేనెలలో పలకల నడుమ నాణెము దూరునంత సందులు విచ్చును. వర్షర్తువున అవి మూసికొనుటయే గాక ఒకదానినొకటి నెట్టుకొనును. గోడకును, చివరిపలకకును నడుమ ఇంచుమించు అరంగుళము విడువనిచో నేల నడుమ నుబ్బి పైకి లేచును. టేకు తక్కిన కర్రలకంటె ఈ విషయమున నెమ్మదియైనది. అందులోను చేవ నెమ్మది. చేవ చుట్టునుండు తెల్లని లేతకట్టె కాదు. చెదపురుగును చేవను విడిచి ఆ తెల్లకట్టెనే మొదట పట్టును. పలక బేరమాడునపుడు ధరకంటె ముందు ఆ తెలుపు ఎంతయున్నదో చూడుడు.

ఇదియంతయు గాలిలోని తేమ. నేలలోని తేమ దీనికి పెద్దన్న. కాలువలు పారు ప్రాంతములలో నీరు విడిచిన నెలలందు భూమిలోని నీటిమట్టము పైకి వచ్చును. సిమెంటు గచ్చు గట్టిగా కనబడినను, అందులో కంటికానని సన్నని దారులు గలవు. ఆ దారుల ఆవిరి పైకెక్కుచునే యుండును. నాపరాయి దానిని పట్టించుకొనదు. చెక్క పట్టించుకొనును. రేగడినేల యైనచో ఇంకొక చిక్కు: వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారు ఆ నేల గచ్చును సైతము పగులదీయును, ఆ పగులులే చెదలకు రాజమార్గము. మీ గదినేల పొడియా, తడియా అని తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష గలదు. 18 అంగుళముల చదరపు పాలితీను ముక్కను నేలపై పరచి, నాలుగు అంచులను గాలి దూరకుండ పట్టీతో అంటింపుడు. 16 గంటలైన పిమ్మట ఎత్తి చూడుడు. క్రింద చెమ్మ పట్టినను, గచ్చు నల్లబారినను, ఆ గదిలో చెక్క మాట ఎత్తవలదు. ఈ పరీక్ష వేసవిలో గాక కాలువలు పారు దినములలో చేయుడు. వేసవిలో అన్ని నేలలును బుద్ధిమంతులవలెనే యుండును.

దుకాణములలో "ఉడెన్ ఫ్లోరింగు" అను ఒక్కపేరుతో మూడు వస్తువులమ్ముచున్నారు. మొదటిది అసలైన పలక. రెండవది పలుచని చెక్కలను అడ్డముగా నొకటి, నిలువుగా నొకటి అంటించి, పైన మంచికర్ర పొర నొకదానిని అతికినది. ఇది అసలు పలకకంటె తక్కువ కదలును, తప్పుబట్టవలసిన వస్తువు కాదు. మూడవది లామినేటు. ఇది స్వీడను దేశమున 1970వ దశకమున పుట్టినది. కర్రపొడిని జిగురుతో కలిపి అచ్చువేసి, దానిమీద కర్రచారల బొమ్మగల కాగితమంటించి, ఆ పైన గట్టిపూత పూయుదురు. పైనుండి చూచినచో టేకును మించి యుండును. అందుకే పైనుండి చూడవలదు. కోసిన అంచును చూడుడు. అసలు పలకలో పైచార క్రిందివరకు దిగియుండును. రెండవదానిలో పొరలు లెక్కకు వచ్చును. మూడవదానిలో గానుగనుండి తీసిన తెలకపిండి చెక్కవలె ఒకే రంగు పొడి కనబడును. నమూనా ముక్క నొకదానిని అడిగి తెచ్చి, మందము కొలిచి, రాత్రియంతయు బకెట్టు నీళ్ళలో నుంచి, తెల్లవారి మరల కొలువుడు. అమ్మువాడు చెప్పని విషయమును ఆ బకెట్టు చెప్పును.

నీళ్ళు మనము పోసినవే కానక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగరు మున్నగు పేటలలో ఇండ్లలోనికి నీరు వచ్చి దినములతరబడి నిలిచెను. అట్టి నీరు తీసిన పిమ్మట బండనేలను, గచ్చునేలను బురదయెత్తి, బ్లీచింగు పొడి చల్లి, కడిగి ఆరబెట్టినచో మరల కాపురము చేయవచ్చును. ఉబ్బిన కర్రపొడి పలకను, మురుగునీరు త్రాగిన తివాచీని వీధిలో పారవేయుట తప్ప గతి లేదు. మన జిల్లాలో ఇల్లు కట్టువాడు ఈ విషయమును మరువరాదు.

మామిడికర్ర మాటయు ఒకటి చెప్పవలెను. కాపు తగ్గిన ముదురుచెట్లు కొట్టించువారు, "మన తోటలోని కర్రయే గదా, పలకలు కోయించి నేలకు వేసికొందుము" అందురు. పండ్ల పెట్టెలకును, సెంట్రింగు పలకలకును అది మంచిదే. కాని కొట్టిన కొలదిదినములకే దానిలో పురుగు దూరి పిండి రాల్చును. కొలిమిగదిలో ఎండబెట్టి, బోరాను మందు పట్టించిన మామిడికర్రతో బల్లలు, కుర్చీలు చేయుచున్నమాట నిజము. ఆ యుపచారమేమియు లేక కోతమిల్లునుండి నేరుగా తెచ్చినది నేలకు మాత్రము తగదు. చెట్టుమీద మమకారమున్నచో దానితో ఒక పెట్టె చేయించుకొనుడు.

ఇక మేడమీద గది యున్నవారు, దానిలో నీళ్ళపని లేనివారు, చెక్క వేయించుకొన్నచో నేను అడ్డు చెప్పను. వెడల్పు పలక చూపునకు బాగుండును గాని దాని కదలికయు పెద్దది. మూడు నాలుగంగుళముల వెడల్పు మేలు. ఒక పలక అంచున గాడి, రెండవదాని అంచున ఆ గాడిలో దూరు నాలుక యుండవలెను. పలకలను తెచ్చిన దినముననే మేకులు కొట్టనీయకుడు. వేయబోవు గదిలోనే, నడుమ పుల్లలుంచి పేర్చి, కిటికీలు తెరచి, రెండు మూడు వారములుంచుడు. మార్గశిర పుష్యములు ఈ పనికి అనువైన నెలలు. కర్ర అప్పుడు మిక్కిలి ఉబ్బియు నుండదు, మిక్కిలి ఎండియు నుండదు. చెక్క గలిగిన గదిని తడిగుడ్డతో గాదు, పిండిన గుడ్డతో తుడువవలెనని ఇంటిలో పనిచేయువారికి చెప్పి ఒప్పింపగలరా? అది మీరే ఆలోచించుకొనుడు. నేను చూచిన యిండ్లలో ఒప్పించినవారు తక్కువ.

తివాచీ విషయమున మనము పొరుగువాని పెరటివైపు చూడనవసరము లేదు. ఏలూరు మనకు దగ్గర. ముడివేసి నేయు ఉన్ని తివాచీలకు ఏలూరును, మచిలీపట్టణమును పూర్వము పేరుపొందిన చోట్లు. మహమ్మదీయ ప్రభువుల కాలమున పారసీకదేశమునుండి వచ్చి నిలిచిన పనివారు ఏలూరులో ఈ విద్యను నాటిరని చెప్పుదురు. మన పూర్వపు భాషలో దీనికి రత్నకంబళమని పేరు. మన తీరమున దొరకు చిరివేరునుండి ఎరుపును, నీలిచెట్టునుండి నీలమును తీసి అద్దిన కాలమది. ఆ ఎరుపు వెలిసినను అందముగా వెలిసెడిది. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను యువకుడు తారునుండి ఊదారంగు తీసెను. 1868లో ఇద్దరు జర్మను పండితులు మంజిష్ఠలోని ఎరుపును రసాయనశాలలోనే చేసిరి. చవుకరంగులు వచ్చి చిరివేరు త్రవ్వువానికి పనిలేకపోయెను. దానికితోడు ప్రభుత్వము జైళ్ళలో ఖైదీలచేత తివాచీలు నేయించి అమ్మించెను. కూలి లేని చేతితో కూలివాడు పోటీపడగలడా? సర్ జార్జి బర్డువుడ్డు 1880లో ప్రకటించిన భారతీయ శిల్పములను గూర్చిన గ్రంథమున, ఆంగ్లేయుడై యుండియు, ఈ జైలు తివాచీలు మంచిపనిని చెరిచినవని తీవ్రముగా నిందించెను. అటుపిమ్మట యంత్రపు తివాచీ వచ్చినది. ఏలూరులో మగ్గములు తగ్గిపోయినవి. పని మాత్రము పూర్తిగా పోలేదు. ఓరుగల్లు నేతపనియు అట్టిదే. అది 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమునకు పోయినది. అచ్చటి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. పిల్లలు పంపు డబ్బులో ఒక భాగము ఈ మగ్గములకు చేరినచో నాకు సంతోషము. కాని జాలిపడి కొనుడని చెప్పను. వస్తువును చూచి కొనుడు.

చూచుట యెట్లు? తివాచీని తిరుగవేయుడు. ముడివేసిన దానిలో ముందువైపు పువ్వు వెనుకవైపున కూడ స్పష్టముగా కనబడును. వెనుక గుడ్డ అంటించియున్నచో అది గ్రుచ్చి జిగురు పూసినది. అంచున వ్రేలాడు పోగులు పడుగునుండియే వచ్చినవా, తరువాత కుట్టినవా అని చూడుడు. ఒక పోగు పీకి నిప్పు ముట్టింపుడు. ఉన్ని యైనచో వెండ్రుకలు కాలిన కంపు వచ్చి, బూడిద వ్రేళ్ళమధ్య నలిగిపోవును. నూలైనచో కాగితమువలె కాలును. నైలానువంటిది కరిగి గట్టి పూసయై నిలుచును. తెల్లని తడిగుడ్డతో ఒకచోట రుద్దుడు. రంగు గుడ్డకంటినచో మొదటి వానకే అది మీ గచ్చునకును అంటును.

కొన్న పిమ్మట దానిని ఎత్తకుండ నుంచరాదు. హాలెండు దేశమున లైడెను నగరపు వైద్యులు 1964లో ఒక విషయమును బయటపెట్టిరి: ఇంటి దుమ్ములో కంటికానని పురుగులు గలవు, మన చర్మమునుండి రాలు పొట్టును తిని బ్రతుకును, అవియే చాలమందికి దగ్గును ఉబ్బసమును రేపుచున్నవి. ఆ పురుగునకు కావలసినది తేమ, నిలిచిన దుమ్ము. సముద్రతీరపు గాలిలో తేమకు కొదువ లేదు. అంటించిన తివాచీలో దుమ్మునకు కొదువ లేదు. ఆయాసముతో బాధపడు వృద్ధులున్న ఇంటిలో గోడనుండి గోడకు తివాచీ పరచుట కంటిలో కారము చల్లుటయే. ఎత్తుటకు వీలగు తివాచీని వారమునకొకసారి బయట తీగమీద వేసి కర్రతో కొట్టుడు. ఎండ వెనుకవైపునకు తగులనిండు. ముందువైపు తగిలినచో రంగు వెలిసిపోవును. వర్షకాలమున మడవక చుట్టి, పాతపంచెలో ఎండిన వేపాకువేసి కప్పి, నేలకు తాకకుండ బల్లమీద నుంచుడు. ఉన్నిని తిను పురుగు చీకటిలో, కదల్చని వస్తువులోనే గ్రుడ్లు పెట్టును.

పిల్లలు చెప్పిన చల్లదనపు మాటకు నేనింకను జవాబు చెప్పలేదు. అది తోసివేయదగిన మాట కాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున మోకాళ్ళ నొప్పులవారికి బండ తగులుట బాధయే. దానికంటె పెద్ద భయము జారుట. నున్నగా మెరయు గ్రానైటును, అద్దమువంటి టైలును తడిసినచో యువకునికే కాలు నిలువదు. వృద్ధులకు తుంటియెముక విరిగినచో ఆ మంచము ఎంతకాలమో చెప్పలేము. ఈ విషయమున మన పాత నాపరాయియే నయము, కొంచెము గరుకుగా నుండుటచేత. దానిని పెరికించి మెరుపుబండ వేయింతుమనువారిని నేను ఎల్లప్పుడును వారించుచుందును. మంచముప్రక్క, కాళ్ళు మోపుచోట, మందమైన జంపఖానా ఒకటి పరచి, దానిక్రింద జారకుండ రబ్బరు జాలి వేయుడు. మంచమునుండి స్నానపుగదికి రాత్రిపూట నడచు దారిలో మాత్రము ఏదియు పరువవలదు. లేచిన అంచు కాలికి తగులుట తడిబండకంటె ప్రమాదము. ఆ దారిని రాత్రియంతయు చిన్నదీపము వెలుగుచుండవలెను. పూజగదిలో పీటయున్నది గదా. కూర్చుండి లేవలేనివారికి, అదే టేకుతో జానెడు ఎత్తుగల వెడల్పు బల్ల నొకటి వడ్రంగిచేత చేయించి మంచమునొద్ద వేసినచో, కాలు బండకు తగులదు. కడుగునాడు ఇద్దరు పట్టి ప్రక్కకు తీయవచ్చును. ఇది పిల్లల కోరికకును మీ సంకోచమునకును నడుమ పొసగు మార్గమని నాకు తోచుచున్నది.

ఏలూరులో తివాచీకి పురమాయించువారికి ఒక మాట. ముడిపని తొందరగా తెమలునది కాదు; పెండ్లికి పదిదినములుండగా పోయి అడిగినచో తయారుగానున్న దేదో మీకు అంటగట్టుదురు. నెలలు ముందుగా పోవుడు. గది కొలతను వ్రాసికొని పోవునపుడు గోడనుండి గోడకు కొలువవలదు. నాలుగువైపులను మూరెడేసి విడిచి, తలుపు లోనికి తెరచుకొను చోటును విడిచి, మిగిలినదానినే కొలిచి యిండు.